ఒక హెచ్ తక్కువ

నేను ఒక ప్రశ్నను. "ఫైలు ఉందా?" అన్న రెండు ముక్కలే నా బతుకు. యాప్ కోడులో నాది ఒక్క వరుస. అడిగిన ఫైలు ఫోను పొట్టలో ఉంటే 'ఉంది' అనాలి, లేకపోతే 'లేదు' అనాలి. ఆపాటి దానికే నా అంత తెలివిగలది లేదని విర్రవీగాను.

నన్ను రాసినవాడు ఉపేంద్ర. మచిలీపట్నంలో కూచిపూడి నేర్పే తన మేనత్త భాగ్యరేఖ కోసం యాప్ కట్టాడు. ఆవిడ గొంతు ఆపరేషనుకు ముందు పాటలన్నీ అందులో పాడి, ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టి దాచుకుంది. ఆపరేషన్ తర్వాత డాక్టరు, ఇక పాడితే ఉన్న గొంతూ పోతుందన్నాడు. బటన్లకు పేర్లు మాత్రం ఉపేంద్రే కొట్టాడు. మొదటి పాట మోగగానే అన్నీ మోగినట్టేనని అత్తా అల్లుడూ మురిసిపోయారు.

ఆవిడ శిష్యురాలు మేఖల మొదటి ప్రదర్శన. చివరి అంశం తరంగం. పిల్ల నెత్తిన నీళ్ల చెంబుతో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడింది. భాగ్యరేఖ బటన్ నొక్కింది. బటన్‌కు ఉపేంద్ర కొట్టిన పేరుతో ఫైలేదీ కనపడలేదు. "లేదు" అన్నాను దర్జాగా. మళ్లీ నొక్కింది, మళ్లీ అదే అన్నాను. అదే పాట నా పక్కనే కాళ్లు బారచాపుకుని కూర్చుంది, నేను కన్నెత్తి చూడలేదు.

"లేదంటోందేవిట్రా!" అందావిడ. మేఖల పళ్లెం మీదే పాట కోసం చూస్తోంది. ఆవిడ ఫోను పక్కన పడేసి, తాళాలు అందుకుని తనే పాడింది. పైస్థాయిలో గొంతు చీరుకుపోయినా ఆపలేదు. చెంబులో చుక్క ఒలకలేదు.

తెర పడ్డాక ఉపేంద్ర ఫోనంతా వెతికాడు. "ఫైలుంది అత్తా! నువ్వు టీ పక్కన హెచ్ పెట్టావు, నేను పెట్టలేదు."

"పెట్టకపోతే టరంగం అవుతుంది కదరా!" అంది ఆవిడ. ఆ మాట గుసగుసగానే వచ్చింది. సిగ్గుతో తల దించుకుందామంటే నాకు తల కూడా లేదు.

మర్నాడు ఉపేంద్ర నా ముందు రెండు ఏటవాలు గీతలు గీశాడు. అలా గీస్తే కంప్యూటరు ఆ వరుసను చదవకుండా దాటేస్తుంది. పాత కుర్చీని అటకెక్కించినట్టు నన్నక్కడే ఉంచి, కింద కొత్త వరుస రాశాడు. దానికి హెచ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

భాగ్యరేఖ మళ్లీ పాడలేదు. మొన్న మేఖల ఫోను అందుకుని, "టీచర్ గొంతు ఇందులో ఉంది కదా?" అని భయంభయంగా అడిగింది. ఉందమ్మా, ఉంది అని అరవాలనిపించింది. ఈసారి నాకు సరైన జవాబు తెలుసు, కానీ నన్ను అడిగేవాళ్లే లేరు.