నమూనా ఎలుక

మాదాపూర్ జనం దాన్ని ఈగల కార్ఖానా అనేవారు. ఊరి చివర, గుట్టలను ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు అది. అందులో ఈగల్ని పెంచుతారని నమ్మినవాళ్లు కూడా ఊళ్లో ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, అసలు సంగతి చెప్తే అది ఇంకా నమ్మశక్యంగా ఉండదు.

గుడివాడ నుంచి వచ్చిన విశ్వేశ్వరరావు ముందు ఆ షెడ్డులో కోళ్ల ఫారం పెట్టాడు. కొక్కెర తెగులు తగిలి పది రోజుల్లో కోళ్లన్నీ పోయాయి, షెడ్డు మిగిలింది. ఏం చేయాలో తోచక బొంబాయి వెళ్తే అక్కడో ఏజెంటు దారి చూపించాడు. అమెరికాలో కొందరు దొరలు సరదాకి చేపలు పడతారట. ఎరకు వానపాము గుచ్చడం వాళ్లకు నామోషీ. గాలానికి ఈకలూ వెంట్రుకలూ చుట్టి ఈగల్లాగా, పురుగుల్లాగా చేసిన బొమ్మల్నే వాడతారు. అవి చేసిపెట్టే చేతులు కావాలి. చేతులకు మాదాపూర్‌లో ఏం తక్కువ? కంకర కొట్టుకునే ఆడవాళ్లు ఎనిమిది మంది వచ్చి బెంచీల మీద కూర్చున్నారు.

ఈగల తర్వాత ఎలుకలు వచ్చాయి. అక్కడి ట్రౌట్ అనే చేప, పెద్దదైతే, నీళ్లలో ఈదే ఎలుకను చూస్తే వదలదట. బోలుగా ఉండి నీటి మీద తేలే జింక వెంట్రుకల్ని కంపెనీవాళ్లే డబ్బాల్లో పంపేవారు. షికంజా అనే చిన్న ఇనుప బిగింపులో గాలాన్ని బిగించి, దాని చుట్టూ వెంట్రుకల్ని కుచ్చులుగా దారంతో కట్టి, కత్తెరతో ఎలుక ఆకారం తీసి, తోలుముక్కలతో తోకా చెవులూ కుట్టాలి. ట్రౌట్‌ను విశ్వేశ్వరరావుతో సహా అక్కడ ఎవరూ చూసిన పాపాన పోలేదు. గోడకు ఒక బొమ్మ మాత్రం అంటించి ఉండేది, ఒళ్లంతా చుక్కలతో.

"దీనికి అమ్మవారు పోసినట్టున్నది. గిసొంటి శాపను ఎవరు తింటరు?" అంది పోచమ్మ మొదటిరోజు.

తినరని, పట్టి మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారని విశ్వేశ్వరరావు చెప్పాడు. అది విన్నాక ఎవరికీ నవ్వు కూడా రాలేదు.

సక్కుబాయిది కిటికీ పక్క సీటు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. ఆమె విషయంలో అది అక్షరాలా జరిగింది. ఇరవై ఏళ్లు గుట్టరాళ్లు పగలగొట్టి, యాభైకి దగ్గరపడ్డాక ఎలుకల పనికి వచ్చింది. ఆ ఇరవై ఏళ్లలో ఎగిరిపడిన రాతిపెచ్చులు ఒక కంటిని ఎప్పుడో కాజేశాయి. రెండో కంటికి ఇప్పుడు పొర కమ్ముతోంది. కిటికీ వెలుతురు లేకపోతే చేతిలోని దారం ఆమెకు కనపడదు. ఈ సీటు పోతే మళ్లీ కంకరే, ఏది రాయో ఏది తన వేలో తెలియని చూపుతో, ఎండలో సుత్తె పట్టుకుని. అది తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు బరువెక్కేది. అందుకని కంటి సంగతి ఎవరితోనూ అనలేదు. వేళ్లతో తడుముకుంటూ పని చేసుకుపోయేది. పక్కన కూర్చునే పోచమ్మకు మాత్రం తెలుసు. తోక కుట్టే సూదికి దారం తనే ఎక్కించి, మాట్లాడకుండా పక్కకు చాపేది.

డెబ్బైమూడు ఎండాకాలంలో అమెరికా నుంచి ఒక డబ్బా తిరిగి వచ్చింది. విశ్వేశ్వరరావు దాన్ని బల్ల మీద బోర్లించాడు. రెండు డజన్ల ఎలుకలు, అన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి, తోకలు ఎడమకు వంగి ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కోళ్లు చచ్చినప్పుడు కూడా ఆయన చేసింది అదే.

"సక్కుబాయమ్మా, ఇవి నీవేనా?"

"నావే సారూ."

"నమూనా ఎదురుగా పెట్టాను కదమ్మా. తోక సూటిగా ఉండాలి, పొట్ట చదునుగా ఉండాలి. చూసి చెయ్యమంటే నువ్వు చూస్తున్నదేమిటి?"

చూస్తున్నదేమిటో చెప్పుకునే వీలుంటే సక్కుబాయి ఎప్పుడో చెప్పి ఉండేది. "నువ్వే సోంచాయించు సారూ," అంది చివరికి. "వరిమడిల వాన నీళ్లు నిండితే ఎలుక ఎట్ల ఈత కొడ్తది? సూటిగ పోతదా? పానం మీదికొచ్చినంక ఒక దిక్కు ఒరుగుకుంట, తోక కొట్టుకుంట పోతది."

ఈ 'నువ్వు' మొదట్లో విశ్వేశ్వరరావుకు చివుక్కుమనిపించేది. మూడేళ్లు ఇక్కడ ఉన్నాక, 'సారు' పక్కన చేరిన 'నువ్వు' మర్యాద కిందికే వస్తుందని అర్థమై ఊరుకున్నాడు.

"ఎలుక ఎలా ఈదితే నాకెందుకమ్మా? కొనేవాడు ఒప్పుకోవాలి," అన్నాడు. ఆయన గొంతులో ఓపిక లేదు. "సోమవారం నుంచి కిటికీ దగ్గర పోచమ్మని కూర్చోబెడతాను. నీకు ఈ పని కుదరడం లేదు."

పోచమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. సక్కుబాయికి కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. కానీ ఆ ఎలుకలు తప్పు అంటే మాత్రం ఆమె మనసు ఒప్పుకోలేదు. బతుకంతా చేసిన పనుల్లో తనకు తెలిసి చేసిన పని ఇదొక్కటే.

"సారూ, ఐతారం పొద్దుగాల మా తమ్ముడు రామన్న దుర్గం చెరువుకు పోతడు, కొర్రమట్టల కోసం. నువ్వు గూడ రా. నా ఎలుక మంచిగున్నదో లేదో శాపనే అడుగుదం."

ఎందుకొచ్చిన గొడవ అనుకుంటూనే విశ్వేశ్వరరావు వచ్చాడు. రాళ్ల మధ్య చెరువు అప్పటికి సగానికి దిగింది. రామన్న పొడుగాటి వెదురు గడ పట్టుకుని బండ మీద నిలబడ్డాడు. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో అతని కప్పలు కదులుతున్నాయి. బతికున్న కప్పను గుచ్చి కొర్రమట్టను పట్టడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. అక్క చేతిలోని వెంట్రుకల ఎలుకను చూసి పగలబడి నవ్వాడు.

"బొమ్మ ఎలుకనా? కొర్రమట్టకు నీ లెక్క కండ్లు మసకలు గాదక్కా!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. విశ్వేశ్వరరావు సక్కుబాయి మొహంలోకి చూశాడు. ఆమె చెరువు వైపు తిరిగింది. "వెయ్యి రామన్నా," అన్నాడాయన.

ముందు పోచమ్మ చేసిన ఎలుక. తోక సూటిగా, పొట్ట చదునుగా, నమూనాకు అచ్చు గుద్దినట్టున్న ఎలుక. రామన్న దాన్ని తామరాకుల అంచున వేసి లాగాడు. గీత గీసినట్టు వచ్చింది. మళ్లీ వేశాడు, మళ్లీ వచ్చింది. పదిసార్లు వేసినా నీళ్లు కదల్లేదు.

అప్పుడు సక్కుబాయి ఎలుకను కట్టాడు. అది పడీ పడగానే ఒక పక్కకు ఒరిగింది. లాగితే సూటిగా రానని మొరాయించి, మునగబోయి తేలి, తోకతో నీళ్లు కొట్టుకుంటూ అర్ధచంద్రంగా తిరిగింది. దానికి ప్రాణభయం ఉన్నట్టే ఉంది. ఆకుల కింద నీళ్లు ఉబ్బాయి. గబుక్కున ఒక నల్లటి నోరు లేచి ఎలుకను మింగింది, రామన్న గడ విల్లులా వంగింది.

"కొర్రమీనండీ! కొర్రమీను! పట్టండి, వదలకండి!" అని విశ్వేశ్వరరావు ప్యాంటుతో మోకాళ్ల లోతుకు దిగిపోయి, ఎవరిని 'అండీ' అంటున్నాడో తెలియకుండా అరిచాడు. మూరెడు చేప ఒడ్డున పడి ఎగిరింది. కంటికి సరిగా కనపడకపోయినా, చేప తోక బండను కొడుతున్న చప్పుడు విని సక్కుబాయి నవ్వింది. ఆ ఏడాదిలో ఆమె నవ్వడం అదే మొదలు.

"ఇడిషిపెడ్తరా సారూ, మీ దొరల లెక్క?" అన్నాడు రామన్న.

"ఏడిశావు, బుట్టలో వెయ్యి," అన్నాడు విశ్వేశ్వరరావు.

తిరిగి వస్తుంటే ఆయన ఉత్సాహం ఎండతో పాటు తగ్గిపోయింది. "నీ ఎలుకే గెలిచిందమ్మా. కానీ చేప కొనదు కదా, దొర కొనాలి." కొంచెం దూరం నడిచాక, "కంటి సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్తే కూసోనిస్తుంటివా సారూ?"

చేప పళ్లగాట్లు పడ్డ ఆ ఎలుకనే ఉత్తరంతో పాటు అమెరికా పంపుతానని, జవాబు వచ్చేదాకా కిటికీ సీటు ఆమెదేనని మాట ఇచ్చాడు. మరుసటి వారం తనే వెంటబెట్టుకుని పట్నంలో కంటి దవాఖానకు కూడా తీసుకెళ్లాడు. పొర ఇంకా ముదరలేదు, పూర్తిగా ముదిరాక వస్తే కోసి తీస్తామన్నారు అక్కడ. చూపు కావాలంటే ముందు ఉన్న చూపంతా పోవాలన్నమాట. సక్కుబాయి తల ఊపి వచ్చేసింది. చేసేదేముంది?

ఆషాఢం బోనాలు అయిపోయాయి, జవాబు రాలేదు. వానలు పడి చెరువు నిండింది. మబ్బు పట్టిన రోజున కిటికీ ఉండీ లేనట్టే. సక్కుబాయి వేళ్లే చూపుగా ఎలుకలు కడుతూ కూర్చుంది.

శ్రావణంలో ఉత్తరం వచ్చింది. దాన్ని పట్టుకుని విశ్వేశ్వరరావు షెడ్డులోకి పరుగున వచ్చాడు. కంపెనీ యజమాని ఆ ఎలుకను తన ఊరి నదిలో వేశాడట. పదేళ్లుగా ఎవరికీ చిక్కని ట్రౌట్ మొదటిసారికే పడిందట. ఇక సూటి తోక ఎలుకలు వద్దు, అన్నీ ఇవే కావాలి, ఎన్ని చేస్తే అన్ని పంపమన్నాడు. పోచమ్మ పరుగెత్తి బెల్లంముక్క తెచ్చి సక్కుబాయి నోట్లో పెట్టింది. "అక్కా, నీ ఎలుక అమెరికా గెలిచొచ్చింది!" ఎనిమిది మందీ నవ్వారు. సక్కుబాయికి కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. ఇక కంకర లేదు, సీటు నిలిచింది అనుకుంది.

ఉత్తరంతో పాటు వచ్చిన డబ్బాలో ఇంకొకటి కూడా ఉంది. సక్కుబాయి చేసిన అదే ఎలుక, మెడలో ఎర్ర చీటీతో తిరిగి వచ్చింది. ఇకమీదట అదే నమూనా. దానితో పాటు ఒక అట్టముక్క. ఎలుకను పడుకోబెట్టి చుట్టూ గీత గీశారు. ఎంత ఒరగాలో, తోక ఎక్కడ ఎంత వంగాలో అంతా ఆ గీతలో ఉంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా తీసుకోరు.

పోచమ్మకు రెండు రోజుల్లో పట్టుబడింది. తోలును నానబెట్టి, అట్ట మీద గీత వెంబడి గుండుసూదులు గుచ్చి ఆరబెడితే తోక అచ్చంగా అలాగే వంగేది. మిగిలినవాళ్లూ అదే పద్ధతి పట్టారు. వాళ్ల ఎలుకలన్నీ అట్ట మీద అమిరాయి. సక్కుబాయివి అమరలేదు. ఒకటి కుడికి ఒరిగింది, ఒకదాని తోక గీత దాటింది, ఒకటి మరీ బెదిరినట్టుంది. ఆమె వేళ్లకు ఏ ఎలుకకు ఆ ఎలుకే. గీత ఆమెకు కనపడదు. విశ్వేశ్వరరావు వారం రోజులు ఆమె ఎలుకల్ని పక్కన పెట్టాడు. శనివారం సాయంత్రం ఆమె సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సక్కుబాయమ్మా, ఒక్కటి కూడా నమూనాకు సరిపోలేదు."

"ఏది సారూ, నమూనా ఇటియ్యి."

ఆయన ఎర్ర చీటీ ఎలుకను ఆమె చేతిలో పెట్టాడు. సక్కుబాయి బొటనవేలితో దాని పొట్ట కింద తడిమింది. తను మాత్రమే వేసే రెండో ముడి అక్కడే ఉంది. తోక చివరిదాకా వేలు పోనిచ్చింది.

"గిది కట్టిన దినం యాదికున్నది. ఒళ్లు కాలేటి జరం. శెయ్యి వణికి తోక గిట్ల తిరిగింది." ఆమె నెమ్మదిగా తల ఎత్తింది. "ఇగ దినాం జరం తెచ్చుకోవాల్నా సారూ?"

విశ్వేశ్వరరావు కళ్లజోడు తీశాడు. తుడవడం మరిచిపోయి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఊడ్చే పనికైనా ఉండమ్మా," అన్నాడు.

"కింద రాలిన గాలాలు నాకు కనవడ్తయా? ఈడున్నోళ్ల కాళ్లల్ల దిగుతయ్." ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి, చీర కొంగుతో బెంచీ మీది వెంట్రుకలు దులిపింది. "పోచమ్మా, నువ్వొచ్చి ఈడ కూసో. వెల్తురు మంచిగుంటది."

"ఎట్ల కూసుంట అక్కా? ఎలుక నీదేనాయె," అని పోచమ్మ ఏడ్చేసింది.

"నాదే. గందుకే నాతోని గాదు."

సోమవారం పొద్దున పోచమ్మ కిటికీ పక్కన కూర్చుంది. షికంజా బిగించకముందే, అలవాటు కొద్దీ సూదికి దారం ఎక్కించి పక్కకు చాపింది. అందుకునే చెయ్యి లేదు. గుట్టల వైపు నుంచి కంకర కొడుతున్న చప్పుడు వస్తోంది. అందులో ఒక సుత్తె మాత్రం, ప్రతి దెబ్బకూ ముందు రాయి ఎక్కడుందో తడుముకుంటున్నట్టు, ఆగి ఆగి పడుతోంది.