కోటు మాస్టారి మాఫీ

ఆదివారం పొద్దున క్లబ్బు తలుపులు తీయగానే అందరికంటే ముందు వచ్చేది సెక్రటరీ. గోల్ఫు క్లబ్బు సెక్రటరీ అంటే పెద్ద హోదా అనుకునేరు. జీతం సున్నా, తిట్లు మాత్రం దండిగా. వారమంతా ఒక స్కూల్లో లెక్కలు చెప్పి, ఒక్క సెలవు రోజూ కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, ఎవరికెంత మాఫీ ఇవ్వాలో తేల్చడం ఆవిడ పని.

మాఫీకి అసలు పేరు హ్యాండిక్యాప్. అంత పొడుగు మాట ఎవరు పలుకుతారని క్లబ్బులో అందరూ మాఫీ అనే అంటారు. సంగతి ఇంతే. బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి పద్దెనిమిది గుంటల్లో పడెయ్యాలి, ఎన్ని తక్కువ దెబ్బల్లో పడేస్తే అంత గొప్ప. మరి చేయి తిరిగినవాడూ తిరగనివాడూ కలిసి పోటీ పడేదెలా? తిరగనివాడికి కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు. ఇరవై మాఫీ ఉన్నవాడు తొంభై రెండు కొడితే డెబ్బై రెండని రాసుకుంటారు. బాగానే ఉంది కదా. కానీ చేతనైనవాడు చేతకానట్టు నటిస్తే? మనిషన్నాక ఆ బుద్ధి పుట్టకుండా ఉంటుందా.

ఆ బుద్ధితోనే పళ్ళ డాక్టరు క్లబ్బు ఏటా పెట్టే కప్పు పోటీలో వరసగా మూడేళ్ళు గెలిచాడు. మామూలు రోజుల్లో గుంటకి జానెడు దూరంలో ఉన్న బంతిని కూడా పక్కకి తోసి, "అయ్యో, మళ్ళీ పోయింది" అని నుదురు కొట్టుకునేవాడు. బాగా ఆడిన రోజు దెబ్బల లెక్క రాసిన కార్డు ఇవ్వడం మర్చిపోయేవాడు, మాఫీ తేల్చేది ఆ కార్డులు చూసే మరి. చెత్తగా ఆడిన రోజు మాత్రం కార్డుని భద్రంగా తెచ్చి సెక్రటరీ చేతికే ఇచ్చేవాడు. అలా పోగేసిన మాఫీతో పోటీ రోజున పులిలా ఆడి గెలిచేవాడు.

గెలిచాడు గానీ కప్పుని ఒక్కసారీ ఇంటికి తీసుకెళ్ళలేదు. ఎందుకంటే అది లేవలేదు. హాలు మధ్యలో బల్ల మీద ఉండే ఆ వెండి కప్పు, ఉన్న మాఫీ న్యాయమైనదైతే ఒంటిచేత్తో లేస్తుంది. ఒక్క దెబ్బ ఎక్కువున్నా కదలదు. నలుగురు పట్టినా కదలదు. అలాంటప్పుడు దాన్ని అక్కడే వదిలేస్తారు, తుడిచే ఆవిడ దాని చుట్టూ తుడుచుకుపోతుంది, ఆ లెక్క ఎవరూ సరిదిద్దరు గనక మరుసటేడు పోటీ రోజు పొద్దునకి గానీ అది తేలికవదు. "ఈసారీ లేవలేదా? సరే, టీ చల్లారిపోతోంది" అని ఎవరి పనిలో వాళ్ళు పడతారు. గెలుపు రద్దు చెయ్యరు. రూలు పుస్తకంలో కార్డుల గురించి ఉంది గానీ కప్పు బరువు గురించి ఒక్క ముక్కా లేదు మరి.

ఫోటోలు తీసేది సెక్రటరీ మొగుడు. ఊళ్ళో స్టూడియో ఉంది అతనికి. కప్పు లేవకపోతే కెమెరా స్టాండుని ఒక అడుగు ఎడమకి జరిపి, గెలిచినవాణ్ణి బల్ల పక్కన నిలబెట్టి, కప్పు భుజమ్మీద చెయ్యి వేయించి తీస్తాడు. పళ్ళ డాక్టరు ఆస్పత్రి గోడ మీద అలాంటివి మూడున్నాయి. నోరు తెరిచి కూర్చున్న పేషెంట్లు వాటినే చూస్తారు, అడగాలనుకున్నా అడగలేరు.

ఇక కోటు మాస్టారి సంగతి. ఆయన సెక్రటరీకి నాన్న. మూడు వీధులు కలిసేచోట చిన్న దుకాణం, గాజు తలుపు, లోపల తలలేని బొమ్మ ఒకటి, దాని మీద ఎప్పుడూ సగం కుట్టిన కోటు. ఊళ్ళో ఎవరి పెళ్ళి కోటైనా ఆయన చేతి మీదే. వయసులో ఉన్నప్పటి నుంచీ పదహారు మాఫీతో ఆడుతున్నాడు, ఒక్కసారీ గెలవలేదు, దానికి ఏడవనూ లేదు. "పదహారంటే నికార్సయిన నెంబరు, పొగరూ ఉండదు, పరువూ పోదు" అనేవాడు.

ఆ ఏడు చలికాలంలో ఆయనకి పెద్ద జ్వరం వచ్చింది. తగ్గాక కూడా కొన్నాళ్ళు సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడ్డాడు. ఒకరోజు కూతురు దుకాణానికి వెళ్ళేసరికి సూది ఒక చేత, దారం ఒక చేత పట్టుకుని వెలుగు కోసం గాజు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆవిడ గుండె కలుక్కుమంది. అమ్మ పోయాక ఆయనకి అన్నీ తనే. ఆ వారం క్లబ్బులో ఆయన మాఫీని ఇరవై నాలుగు చేసేసింది.

జ్వరం పడి లేచినవాళ్ళకి కొన్నాళ్ళు మాఫీ పెంచే హక్కు సెక్రటరీకి ఉంది. కాదనం. కానీ ఎండలు ముదిరేసరికి మాస్టారి చెయ్యి కుదురుకుంది, ఆట మళ్ళీ దారిన పడింది, మంచి కార్డులు రావడం మొదలైంది. ఆవిడ వాటిని లెక్కలోకి తీసుకోలేదు. పాత చెత్త కార్డులే చూసి ఇరవై నాలుగే ఉంచేసింది. పళ్ళ డాక్టరు తన కార్డులతో చేసే పనే ఆవిడ నాన్న కార్డులతో చేసింది. నిప్పులాంటి మనిషని పేరు, క్లాసులో అర మార్కు కూడా ఎక్కువ వెయ్యదు. కానీ కన్నవాడి దగ్గరికొచ్చేసరికి పెన్సిలు వంగింది.

నోటీసు బోర్డు మీద ఆ అంకె చూసి మాస్టారు కూతురి బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంటి తల్లీ, ఇరవై నాలుగా?"

"కార్డుల లెక్క నాన్నా. అందరికీ ఒకటే కొలత."

"మొన్న బానే కొట్టినట్టనిపించిందే."

"గాలి కలిసొచ్చుంటుంది."

కూతురి లెక్క తప్పదని ఆయన నమ్మకం. తన చేతులనైనా అనుమానిస్తాడు గానీ దాన్ని అనుమానించడు. ఆరోజు నుంచి ఇరవై నాలుగు మాఫీ మనిషిలాగే బతకడం మొదలెట్టాడు. మెట్లెక్కుతూ మోకాలు పట్టుకునేవాడు. ఎవరైనా కొత్త కోటు కుట్టమంటే, "నా చేత ఎందుకు బాబూ, రెడీమేడ్‌వి బోలెడొస్తున్నాయిగా" అనేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "కొట్టు ఇచ్చేస్తున్నాను. సెల్‌ఫోన్ల కుర్రాడు అడుగుతున్నాడు. పోటీ అయిన సోమవారం తాళంచెవి ఇస్తానన్నా" అన్నాడు.

సెక్రటరీ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "నీకిష్టమేనా నాన్నా?"

"ఇష్టానికేముంది. ఒంట్లో ఓపిక లేదని నీ బోర్డే చెబుతోంది కదా."

అప్పుడైనా చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది. ఎలాగూ విశ్రాంతి తీసుకుంటాడు, ఈ ఒక్కసారి గెలిస్తే చాలు, ఆ సంతోషంతో కొట్టు వదిలేస్తాడు అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ప్రేమకి సాకులు వెతుక్కోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మరోపక్క అదే ఎర్ర పెన్సిలు పళ్ళ డాక్టరు మీద విరుచుకుపడింది. రెండు నెలలపాటు ఆవిడ ప్రతి ఆదివారం బల్ల వదిలి అతని జట్టులోనే ఆడి, తన చేత్తోనే అతని కార్డు రాసింది. ఆవిడ కళ్ళెదుట జానెడు దూరంలోంచి గుంట తప్పడం ఎంత నటుడికైనా కష్టమే. ఇరవై ఒకటి కాస్తా పన్నెండుకి దిగింది.

"నా ఒక్కడి మీదే ఎందుకండీ మేడమ్ ఈ కక్ష?" అన్నాడు డాక్టరు, బోర్డు చూసి బిక్కమొహం వేసుకుని.

"కక్ష కాదు డాక్టరుగారూ, కొలత."

"పన్నెండుతో నేనేం గెలుస్తాను?"

"గెలవకపోతే ఓడండి. ఓడినా రాత్రి నిద్ర పడుతుంది."

ఆ మాట అన్నాక ఆవిడ చూపు బోర్డు మీద నాన్న అంకె వైపు పోయింది. గురివింద గింజ సామెత గుర్తొచ్చిందేమో. పెన్సిలు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

పోటీ రోజు ఎండ మెత్తగా కాసింది. మాస్టారు తన పాత సంచీ భుజాన వేసుకుని, "నా ఆఖరి పోటీ ఇది, తొందర పెట్టకండి" అని జట్టువాళ్ళకి ముందే చెప్పి బయల్దేరాడు. లెక్క చూసుకోలేదు. కర్ర ఊపడం, నడవడం, మళ్ళీ ఊపడం. ఎలాగూ ఆఖరిదే అనుకున్నవాడికి భయమేముంటుంది. బంతి చెప్పినట్టు విన్నది.

కార్డులు బల్ల మీదకొచ్చాయి. మాస్టారిది ఎనభై ఎనిమిది. ఇరవై నాలుగు తీసేస్తే అరవై నాలుగు. డాక్టరుది ఎనభై మూడు, పన్నెండు తీసేస్తే డెబ్బై ఒకటి. క్లబ్బు పుట్టాక ఎవరూ అరవై నాలుగు చూడలేదు. సెక్రటరీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పేరు చదివింది.

హాలంతా చప్పట్లు. మాస్టారు నమ్మలేనట్టు నవ్వుతూ వచ్చి, చేతులు పంచెకి తుడుచుకోబోయి ప్యాంటు అని గుర్తొచ్చి, కప్పు రెండు చెవులూ పట్టుకుని ఎత్తాడు.

కప్పు కదల్లేదు.

అల్లుడు అలవాటుగా స్టాండుని ఒక అడుగు ఎడమకి జరిపాడు. టీ కప్పులు తీసేవాళ్ళు తీస్తున్నారు. పళ్ళ డాక్టరే గబగబా వచ్చి మాస్టారి పక్కన నిలబడి, లోగొంతుకతో, "ఏం పర్లేదు మాస్టారూ. ఇలా బల్ల పక్కన నిలబడి చెయ్యి దాని మీద వెయ్యండి. గడ్డం కొంచెం పైకి. మూడేళ్ళ అనుభవంతో చెబుతున్నా, ఫోటో బానే వస్తుంది" అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు.

మాస్టారు చెయ్యి వెయ్యలేదు. కూతురి వైపు గుచ్చి చూశాడు. ఎదిగిన పిల్లని అలా చూసి ఎన్నేళ్ళయిందో.

"నేను కార్డులేవీ దాచలేదు తల్లీ."

"నువ్వు దాచలేదు నాన్నా." ఆవిడ బల్ల దగ్గరికొచ్చేసరికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనే. మంచి కార్డులన్నీ పక్కన పెట్టేశాను. నువ్వు అలిసిపోయావనిపించింది. ఒక్కసారి గెలిస్తే చూడాలనిపించింది."

"ఎన్ని?"

"ఎనిమిది."

"అంటే నేను..."

"పదహారే. ఎప్పుడూ పదహారే."

మాస్టారికి ముందు కోపమొచ్చింది. నిజమైన కోపం, మెడ నరాలు ఉబ్బాయి. "నన్ను ముసలాణ్ణి చేసి కూర్చోబెట్టావు కదే. జ్వరం కూడా చెయ్యలేని పని నువ్వు చేశావు. ఆ బోర్డు చూసుకుని రోజూ మోకాళ్ళు నొప్పెట్టాయి నాకు."

"క్షమించు నాన్నా."

ఆయన మళ్ళీ కప్పు వైపు తిరిగాడు. రెండు చేతులతో ఇంకోసారి లాగి చూశాడు. కాళ్ళు ఎడం పెట్టి, నడుం వంచి, గట్టిగా లాగాడు. ససేమిరా కదలదే. లాగుతున్న కొద్దీ ఆయన మొహం విప్పారింది. కదలని కప్పుని చూసి అంతగా మురిసిపోయినవాణ్ణి క్లబ్బులో ఎవరూ చూసి ఉండరు.

"అల్లుడూ, చూశావా, చీమంతైనా కదలట్లేదు" అన్నాడు నవ్వుతూ, రొప్పుతూ.

"అవును మావయ్యగారూ. చాలా బరువుగా ఉంది."

"ఎనిమిది దెబ్బల బరువయ్యా. అవన్నీ నాకక్కర్లేనివి." ఆయన నిటారుగా నిలబడి కాలరు సర్దుకున్నాడు. "అమ్మాయ్, ఆ ఏడుపు ఆపి పెన్సిలు తియ్యి. ఎనభై ఎనిమిదిలో పదహారు పోతే ఎంత?"

"డెబ్బై రెండు."

"డాక్టరుది?"

"డెబ్బై ఒకటి."

హాల్లో అందరూ డాక్టరు వైపు తిరిగారు. అతను దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఆ కప్పు జోలికి మళ్ళీ పోవడానికి భయం మరి. మాస్టారు అతని చెయ్యి పట్టుకుని కప్పు మీద పెట్టాల్సొచ్చింది. డాక్టరు కళ్ళు మూసుకుని, అలవాటు కొద్దీ బలమంతా పెట్టి లాగాడు. కప్పు ఎంత తేలిగ్గా లేచిందంటే, మనిషి వెనక్కి రెండడుగులు తూలి తుడిచే ఆవిడ బకెట్లో కాలు పెట్టాడు. అల్లుడు ఆ ఫోటోనే తీశాడు. తడిసిన ప్యాంటు, నెత్తి మీద కప్పు, తెరిచిన నోట్లో పళ్ళన్నీ కనబడుతున్నాయి. ఆ డాక్టరు ఫోటోల్లో అంత బాగా వచ్చింది మరొకటి లేదు.

సెక్రటరీ ఆ సాయంత్రమే బోర్డు మీద నాన్న అంకె మార్చి, పక్కనే తప్పు తనదని రాసి సంతకం పెట్టింది. తనని తీసేస్తారేమో అనుకుంది. ఎవరూ తియ్యలేదు. జీతం లేని ఆ పనికి ఇంకో మనిషి దొరకద్దూ. కాకపోతే అప్పటినుంచీ నాన్న కార్డుల లెక్క మాత్రం పళ్ళ డాక్టరు చూస్తాడు. ఒక్క దెబ్బ ఎక్కువివ్వడు.

సోమవారం పొద్దున సెల్‌ఫోన్ల కుర్రాడు తాళంచెవి కోసం కోటు మాస్టారి దుకాణానికి వచ్చాడు. గాజు తలుపు బార్లా తీసి ఉంది. మిషను ఆడుతోంది. అల్మారాలు ఎక్కడ పెట్టాలా అని కుర్రాడు గోడలు చూస్తుంటే, మాస్టారు కళ్ళజోడు మీంచి అతని భుజాలు చూస్తున్నాడు.

"తాళంచెవి ఇస్తానన్నారు కదండీ" అన్నాడు కుర్రాడు.

"అన్నాను. అప్పుడు నా ఒంట్లో బాలేదు. ఆ కాలనీ చివర ఒక కొట్టు ఖాళీగా ఉంది, అద్దె కూడా తక్కువ, నేను మాట్లాడి పెడతా. నీకు పెళ్ళయిందా?"

"వచ్చే నెలండీ."

"మరి చెప్పవేం. చేతులు పైకెత్తు" అని మాస్టారు మెడలోంచి టేపు తీశాడు.

కుర్రాడు చేతులు పైకెత్తాడు.