గ్యాసు మీద నడిచే కాంటెస్సా

అయినా లీకు ఉంటే ఈ పదిరోజుల్లో ఏదో ఒకటి జరిగి ఉండేది కదా అనుకున్నాడు కొమురయ్య. ఆ మాట మనసులో కుదురుకోకముందే, ఇన్నాళ్ళు జరగలేదంటే ఇక జరగదని ఎవరు చెప్పారు అన్న ఇంకో మాట వచ్చి దాన్ని పక్కకు తోసి కూర్చుంది. పొద్దున్నుంచీ ఇదే వరస. తడిగుడ్డ పట్టుకుని కాంటెస్సా కారు బానెట్ తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. వెనక డిక్కీ వైపు మాత్రం పోవడం లేదు.

డిక్కీలో సిలిండరుంది. వంటింట్లో ఉండే ఎర్ర సిలిండరే. నాలుగేళ్ళ కిందట, ముత్తంగి దగ్గరి పొలం ఫ్యాక్టరీ కిందికి పోయినప్పుడు వచ్చిన డబ్బుతో, ఒక సేటు వాడి వదిలేసిన ఈ తెల్ల కాంటెస్సాను కొన్నాడు. కొన్నాక ఊరుకోలేదు. కప్పు కోయించి అద్దం పెట్టించాడు. వెడల్పు టైర్లు, మఖ్‌మల్ సీట్లు, ఏడు పాటలు పాడే హారను, బండి కింద నేలంతా పచ్చగా మెరిసేట్టు లైట్లు. ఇంత చేశాక అది పెట్రోలు తాగే తీరు చూసి గుండె జారి, ఒక మెకానిక్‌ని పిలిపించి గ్యాసు కిట్టు కూడా పెట్టించాడు. అది చట్టం ఒప్పుకోని పని. చుట్టుపక్కల అందరూ చేయించుకుంటున్న పని కూడా.

పోతూ పోతూ మెకానిక్ చెప్పిన జాగ్రత్త ఒక్కటే. "ముక్కు పదిలమన్నా. గ్యాసు కారితే వాసనే చెప్తది."

కొమురయ్య అప్పుడు నవ్వాడు. మందుల ఫ్యాక్టరీ సాల్వెంట్ సెక్షన్‌లో ఆయన పేరే ముక్కు. చీటీ ఊడిపోయిన డ్రమ్ము వస్తే సూపర్‌వైజరు ఆయన్ని పిలిపించేవాడు. మూత పక్కన ఒక్కసారి గాలి పీల్చి లోపల ఏముందో చెప్పేవాడు.

ఆ ముక్కు పోయి ఏడాదిన్నర అయింది. ఏ రోజు పోయిందో తెలియదు. ఒకనాడు పొయ్యి మీద పప్పు మాడుతుంటే, పక్కనే పీట మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. పెరట్లోంచి భార్య మొగులమ్మ పరుగెత్తుకొచ్చి, "ముక్కు సచ్చిందా నీకు?" అంది. ఆమె అన్నది తిట్టు. ఆయనకు అది కబురులా వినిపించింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే సెక్షన్ మారుస్తారన్నది చిన్న భయం. పెద్ద భయానికి పేరు లేదు. నలభై అయిదేళ్ళుగా తనదనుకున్న ఒంట్లోంచి ఒకటి అడక్కుండా, చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. తరవాత ఏది లేస్తుందో. అందుకని ఎదుటివాళ్ళ ముఖాల మీద వాసన చదవడం నేర్చుకున్నాడు. వాళ్ళు మూతి ముడిస్తే తనూ ముడిచేవాడు. పెళ్ళి పంక్తిలో వాళ్ళు ఆహా అంటే తనూ ఆహా అనేవాడు. దొరికిపోలేదు.

పదిరోజుల కిందట సిలిండరు మార్చాడు. ఆ సాయంత్రం బండి వెనక కూర్చుని చిక్కుళ్ళు ఏరుతున్న మొగులమ్మ, "ఏందో వాసనొస్తుంది" అంది.

"ఏం వాసన?"

"ఏమో. నాలా వాసనే గావచ్చు. గాలి ఇటు మళ్ళింది." అని ఊరుకుంది.

పటాన్‌చెరులో ఏ వాసనకైనా పేరు అదే. కంపెనీల మురుగు పారే ఆ నాలానీ పొగగొట్టాలనీ ఇన్నేళ్ళు భరించిన జనానికి ముక్కుకు తగిలినవన్నీ కంపెనీవే. గోడ సందులో ఎలుక చచ్చినా వారం దాకా కంపెనీనే తిడతారు. మర్నాడు కొమురయ్య షెడ్డుకు పోయి డిక్కీ తెరిపించాడు. మెకానిక్ వంగి రెండుసార్లు పీల్చి, "సాఫ్‌గుంది, పో అన్నా" అన్నాడు. ఆ షెడ్డు నాలా ఒడ్డునే ఉంది. పొద్దంతా అక్కడ కూర్చునేవాడి ముక్కు ఎంతవరకు ముక్కు?

ఆ రోజు నుంచి బండి ఇంటి ముందు ఉన్నంతసేపూ ఆయన ప్రాణం ప్రాణంలో లేదు. మొగులమ్మ అగ్గిపుల్ల గీస్తే భుజాలు ముడుచుకునేవి. ఇక అమ్మేద్దామనుకున్నాడు. బండి వెళితే భయం కూడా దాని వెనక సీట్లో కూర్చుని వెళ్ళిపోతుంది. ఎవరింటికి వెళుతుందన్న దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ప్రతిసారీ ఆగిపోయేది. ఆయనే ఆపేవాడు.

పదకొండింటికి భీమశంకరం వచ్చాడు. సదాశివపేటలో టెంటుహౌసు నడిపే మనిషి. పెళ్ళికొడుకులను ఊరేగించడానికి దర్జా అయిన బండి కావాలి. వెంట అక్క రాధమ్మను తెచ్చాడు.

"మా అక్క చూడనిది నేను చెప్పులు సుత కొన" అన్నాడు.

"మొన్న కొన్నవు గద, నన్ను అడగకుండ. అందుకే కుంటుతున్నవు" అంది రాధమ్మ, బండి చుట్టూ తిరుగుతూ. కప్పు మీది అద్దం చూసి, "వాన పడితె కురుస్తదా?" అని అడిగింది.

"కురవదక్కా" అన్నాడు కొమురయ్య. అది నిజమే. నిజం చెప్పగలిగే ప్రశ్న అడిగినందుకు ఆమె మీద కృతజ్ఞత పుట్టింది.

బొంబాయి రోడ్డెక్కారు. భీమశంకరం ముందు సీట్లో, రాధమ్మ వెనక. "గ్యాసు మీదనే నడుపన్నా. నాకు ముఖ్యం అదే" అన్నాడు భీమశంకరం. డ్యాష్‌బోర్డు కింద మెకానిక్ బిగించిన స్విచ్చును కొమురయ్య గ్యాసు వైపు నొక్కాడు. అద్దాలు ఎక్కించి ఏసీ వేశాడు. లారీల రొద దూరమైపోయింది. మూసిన పెట్టెలో ముగ్గురు.

గ్యాసు గాలికంటే బరువని ఫ్యాక్టరీలో చెప్పారు. పైకి పోదు. నేలబారుగా పాకి, పల్లం చూసుకుని పడుకుంటుంది. ఇప్పుడు సీట్ల కింద పడుకుని ఉందేమో. తన మడమల దగ్గర ఉందేమో. ఊపిరి లోపలికి తీసుకున్నాడు. ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అన్నిటికంటే ఘోరం. ఏమీ లేకపోయినా ఏమీ ఉండదు, అంతా ఉన్నా ఏమీ ఉండదు.

భీమశంకరం బీడీ పెదాల మధ్య పెట్టుకుని, అగ్గిపెట్టె కోసం జేబు తడిమాడు.

"బీడీ వద్దు తమ్మీ" అన్నాడు కొమురయ్య. "మఖ్‌మల్ సీట్లు. రవ్వ పడితె కాలుతయి."

భీమశంకరం బీడీని చెవి మీద పెట్టుకుని వెనక్కి తిరిగాడు. "చూసినవా అక్కా. బండిని బిడ్డ లెక్క సాదిండు."

రాధమ్మ ఆ మాట వినిపించుకోలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అద్దంలో ఆమె ముఖం కనబడుతూనే ఉంది. ఏడాదిన్నరగా ముఖాలు చదువుతున్నవాడు కొమురయ్య. "ఏం కంపురా ఇది? తలకాయ నొస్తుంది" అంది.

"పటాన్‌చెరు అక్కా. గిట్లనే ఉంటది. కావలిస్తె అన్నను అడుగు."

అడగకుండానే కొమురయ్య చెప్పేశాడు. "ఔనక్కా. కంపెనీల వాసన. ఇస్నాపూర్ దాటితె పోతది." అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే, చెప్పింది తనేనా అని ఒక్క క్షణం సందేహం కలిగింది.

ఇస్నాపూర్ దాటింది. రుద్రారం కూడా దాటింది. కంది దగ్గర రోడ్డుకు రెండు వైపులా జొన్న చేలు తప్ప ఏమీ లేవు. రాధమ్మ కొంగు తీయలేదు.

"దాటినం గదనే" అంది. "ఇంకా ఉన్నది. పాడైన ఉల్లిగడ్డల లెక్క."

వాళ్ళింట్లో కట్టెల పొయ్యి అయి ఉంటుంది, అందుకే ఆమెకు తెలియలేదు. ముక్కు బతికున్న రోజుల్లో గ్యాసు వాసన ఎట్లా ఉండేదో కొమురయ్య మరిచిపోలేదు. కుళ్ళిన ఉల్లిగడ్డ అంటే మరిచిపోవడానికి వీల్లేదు.

"నిన్న పెండ్లి వంటకాడ ఉల్లిగడ్డ సంచులు మోసిన. నా అంగీదే గావచ్చు" అన్నాడు భీమశంకరం, భుజం వాసన చూసుకుంటూ. కొమురయ్య తన వైపు అద్దం దించాడు. "గదేందన్నా, ఏసీ చూడొద్దా? ఎక్కియ్యి."

కొమురయ్య సగం ఎక్కించి వదిలేశాడు. ఆ సగంలోంచి వేడిగాలి వచ్చి చెంపకు కొడుతుంటే, చెంపనే అక్కడ ఉంచాడు. ఇప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. చెబితే బండి తనతోనే తిరిగి వస్తుంది, భయం వెనక సీట్లోనే కూర్చుని. చెప్పకపోతే... ఆ వాక్యాన్ని కూడా ఆపేశాడు.

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో సోమమ్మ చాయ్ హోటలు ముందు ఆపాడు. హోటలు పక్కన వేపచెట్టు నీడ ఖాళీగా ఉంది. బండిని పొయ్యికి దూరంగా, ఎండలో నిలబెట్టాడు.

"నీడ విడిచిపెట్టి ఎండలేంది? రంగు పోదా?" అన్నాడు భీమశంకరం.

"ఆకులు రాలుతయి" అన్నాడు కొమురయ్య.

మూడు చాయ్‌లు వచ్చాయి. భీమశంకరం చెవి మీది బీడీ తీసి వెలిగించుకున్నాడు. రాధమ్మ చాయ్ పక్కన పెట్టి కణతలు ఒత్తుకుంది. "ఇక్కడ లేదు ఆ కంపు" అంది, ఎవరితోనో కాదు, తనలో తను.

"ఎల్లుండి అక్క కొడుకు పెండ్లే మొదటి కిరాయి అన్నా. కిరాయి అంటె కిరాయి కాదు, ఉత్తగనే" అని నవ్వాడు భీమశంకరం. "పెండ్లికొడుకుతోని ఆరుగురు కూసుంటరు. పోలీస్‌ స్టేషన్ కాడి నుంచి బజారు దాక బండి ముందల పటాకలు. లక్ష్మీబాంబులు తెమ్మన్న."

"ముందటి సీట్ల నేను కూసుంట" అంది రాధమ్మ. "ఒక్కడే కొడుకు."

భీమశంకరం భుజం మీది తువ్వాలు తీశాడు. సదాశివపేట అంగట్లో ఎడ్ల బేరం చేసే తీరులో, కొమురయ్య కుడిచేతిని పట్టుకుని దాని మీద తువ్వాలు కప్పాడు. "మా నాయిన ఎడ్ల దళారీ. నోటితోని ధర చెప్తె గాలి వింటదంటడు" అని, తువ్వాలు కింద కొమురయ్య వేళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుని ఒత్తాడు. ఒత్తిన వేళ్ళ లెక్కే ధర. కొమురయ్య ఆశపడ్డదానికంటే ఎక్కువే.

"నువ్వు మళ్ళ నా చెయ్యి ఒత్తితె ఖాయమన్నట్టు. ఒత్తినంక మాట తిరగొద్దు."

తువ్వాలు కింద ఆ చెయ్యి వెచ్చగా, మొరటుగా ఉంది. నమ్మకంతో ఉంది. ఒక్కసారి ఒత్తితే చాలు. ఎవరికీ కనబడదు కూడా. కొమురయ్య చూపు పక్కకు పోయింది. సోమమ్మ గంగాళం ముందు కూర్చుని గ్లాసులు తోముతోంది. మోచేతుల దాకా సబ్బు నురగ.

సెక్షన్‌లో ముక్కును ఎవరూ నమ్మరు. ముక్కు అని పిలిచి మెచ్చుకున్నవాళ్ళే, పైపు అతుకు దగ్గరికి వచ్చేసరికి సబ్బునీళ్ళు పోసి చూడమంటారు. బుడగ లేస్తే లీకు. లేవకపోతే లేదు. అంతే. గుడ్డివాడైనా చెయ్యి పెట్టి చెప్పొచ్చు. పద్నాలుగేళ్ళలో ఎన్ని వేల అతుకులకు పూశాడో. ఈ పదిరోజుల్లో అది గుర్తు రాలేదని అనుకోవడానికి లేదు. ప్రతి పూటా స్నానం దగ్గర గుర్తొచ్చింది. అరచేతిలో సబ్బు నురుగు చూసి, గబగబా నీళ్ళు పోసుకుని కడిగేసేవాడు. బుడగ చూడనంతకాలం తెలియనివాడు. చూసిన తరవాత తెలిసినవాడు. తెలియనివాడికి బండి అమ్మే దారుంది.

అంటే పదిరోజులుగా తను భయపడింది సిలిండరుకు కాదు.

"ఏమన్నా, చెయ్యి ఒత్తవు?" అన్నాడు భీమశంకరం. "తక్కువైందా?"

"తక్కువ కాలేదు" అన్నాడు కొమురయ్య. తువ్వాలు కిందినుంచి చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "తమ్మీ, బీడీ పట్టుకుని ఇక్కడనే ఉండు. బండి కాడికి రాకు. అక్కా, నువ్వు సుత."

"ఏందిరా ఈయన..." అంటోంది రాధమ్మ.

సోమమ్మ గంగాళంలో రెండు చేతులూ ముంచి, దోసిట పట్టినంత నురగ తీసుకున్నాడు. "గిలాసల సబ్బు నీకెందుకే" అని ఆమె అరిచేలోపే ఎండలోకి నడిచాడు. మోచేత్తో మీట నొక్కి డిక్కీ లేపాడు. ఎర్ర సిలిండరు అడ్డంగా పడుకుని ఉంది. వంగి, పైపు సిలిండరు మెడలో కలిసే చోట, చుట్టూరా, నురగ పూశాడు.