స్టీలు డబ్బాలో పళ్ళపొడి

ఇఫ్ఫత్ బడిలో ప్రార్థన వేళ కళ్ళు తిరిగి కూలబడిన రోజు నుంచి ఉమ్మే హబీబాకు అత్తగారి పళ్ళపొడి మీద అనుమానం పట్టుకుంది.

పిల్లకు ఎనిమిదేళ్ళు. ఆ పొద్దున రెండు ఇడ్లీలు తినే పోయింది. జ్వరం లేదు, ఎండ అప్పటికింకా ముదరలేదు. అదే బడిలో ఆరో తరగతికి సైన్సు చెప్పే హబీబా పరుగున వచ్చి కూతురి మూతి తుడిస్తే దుపట్టాకు నల్లగా అంటింది. వాసన చూసింది. లవంగం. కానీ లవంగం చాటున ఇంకో ఘాటు ఉంది. ఎప్పుడో ఎరిగిన ఘాటే, పేరు మాత్రం గుర్తుకు రాలేదు.

"పొద్దున దేంతో తోముకున్నావే?"

"దాదీ పొడితో. పన్ను నొస్తా ఉంటే."

దాదీ అంటే హబీబా అత్తగారు ఆయిషా బీ. చిత్తూరులో వాళ్ళ వీధికంతా ఆమె పళ్ళపొడి తెలుసు. వంటింట్లో పారేసేది ఏదీ ఆమె కంటికి చెత్త కాదు. కొడుకు అష్రఫ్ బస్టాండు దగ్గర నడిపే జ్యూస్ కొట్టు నుంచి దానిమ్మ తొక్కలు సంచుల్లో వస్తాయి, మిద్దె మీద ఎండుతాయి. మామిడికాయల కాలంలో అందరూ చీకి పడేసిన టెంకలు పగలగొట్టి లోపలి జీడి దాస్తుంది. చట్నీకి కొబ్బరి గీకేశాక చిప్పను కాల్చి బొగ్గు చేస్తుంది. అన్నీ దంచి, పలచటి గుడ్డలో జల్లించి, ఉప్పూ లవంగాలూ కలిపితే పొడి తయారు. అడిగిన వాళ్ళకల్లా పొట్లం కట్టిస్తుంది. అరవై నాలుగేళ్ళు వచ్చినా తనకు ఒక్క పన్ను కదల్లేదని పై పెదవి ఎత్తి మరీ చూపిస్తుంది.

ఇంట్లో ఆ పొడి రెండు చోట్ల ఉంటుంది. వంటింటి అలమరలో ఊరగాయ సీసాలో ఒకటి. ఆమె మంచం పక్కన గోడ గూట్లో చిన్న స్టీలు డబ్బాలో ఒకటి.

"రెండూ ఒకటేనా అత్తమ్మా?" అని ఆ సాయంత్రం హబీబా అడిగింది.

"ఒకటే. రాత్రిపూట లేసి వంటింట్లోకి పోలేక ఈడ రోంత పెట్టుకున్నా. ఏం, లెక్క సెప్పాల్నా?"

ఐరాల నుంచి వచ్చిన కోడలికి ఉర్దూ అంతంత మాత్రం. అందుకని ఆయిషా బీ ఆమెతో ఎప్పుడూ తెలుగే మాట్లాడుతుంది. కోపం వచ్చినప్పుడు మరీ చక్కటి తెలుగు.

అష్రఫ్‌తో చెబితే అతను నవ్వేశాడు.

"మా అమ్మ పొడి వీధంతా వాడతా ఉండారు. ఎవురికి తిరిగినాయి కండ్లు? నువ్వు డిగ్రీ సదివింది మా అమ్మ పండ్లు ఎంచేదానికా?"

"పిల్లకు తిరిగినాయి గదప్పా."

"పిల్ల సరిగ్గా తినలేదు. అంతే."

హబీబా ఊరుకుంది గానీ అనుమానం ఊరుకోలేదు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది తనొక్కతే. చూడకుండా నమ్మొద్దని పిల్లలకు రోజూ చెప్పే మనిషి, తన ఇంట్లో చూడకుండా ఎలా ఉంటుంది? చూడడం మొదలుపెట్టింది.

అత్తగారు రోజుకు నాలుగుసార్లు తోముకునేది. తోముకుని వెంటనే పుక్కిలించేది కాదు. కింది పెదవి లోపల పొడి అదిమి, చేటలో బియ్యం ఏరుతూ అరగంట కూర్చునేది. ఆ అరగంట ఎవరు పలకరించినా "ఊఁ" అనడమే. అరగంట తర్వాత మాత్రం మొహంలో ఒక వెలుగు వచ్చేది. పళ్ళు తోముకుంటే నోరు శుభ్రం కావాలి గానీ మనసెందుకు కుదుటపడాలి?

"ఈసారి పొడి నాకూ నేర్పించండి అత్తమ్మా" అంది ఒక ఆదివారం, చాలా మర్యాదగా.

ఆయిషా బీ ఒక క్షణం కోడలి మొహంలోకి చూసింది. తర్వాత రోలు కడిగింది. తొక్కలు, జీడి, బొగ్గు, ఉప్పు, లవంగాలు, ఒక్కొక్కటీ కోడలి ముక్కు ముందు పెట్టి మరీ దంచింది. "సూడు, బాగా సూడు. ఇంగేమన్నా ఉండాదా?" ఏమీ లేదు. సీసా నింపి అలమరలో పెట్టింది. హబీబా వేలితో అద్దుకుని రుచి చూసింది. వగరు, ఉప్పు, బొగ్గు గరగర. పంటి పైపూత అరుగుతుందేమో గానీ తల తిరిగేది ఏమీ లేదు. సిగ్గేసింది. అయినా ఆమె ఒకటి గమనించింది. స్టీలు డబ్బా అత్తగారు ఆ రోజు నింపలేదు.

వారానికి రంజాన్ మొదలైంది. మొదటి రోజా ఉపవాసం నాడు మధ్యాహ్నానికే ఆయిషా బీకి తలనొప్పి. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుంది. నాలుగు గంటలకు చేతులు వణికాయి. "ఆకలి" అంది. సాయంత్రం మసీదు నుంచి అజాన్ వినిపించింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గంజి గిన్నెల వైపు జరిగారు. ఆయిషా బీ ఖర్జూరం సగం కొరికి, నీళ్ళు ఒక గుక్క తాగి, లేచి గూటి దగ్గరికి పోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. పొద్దుగూకే దాకా పస్తున్న మనిషికి గంజి కంటే ముందు పళ్ళపొడి కావాల్సి వస్తోంది.

ఐదో రోజు ఇఫ్ఫత్ బడికి బయల్దేరబోతూ వాకిట్లోనే వాంతి చేసుకుంది. మూతి మళ్ళీ నల్లగా ఉంది.

ఆ వారం హబీబాకు నెలసరి, రోజా లేని రోజులు. ఆదివారం మధ్యాహ్నం అత్తగారు నమాజు చేసుకుని కునుకు తీస్తోంది. పిల్ల అరబ్బీ పాఠానికి పోయింది. హబీబా గూట్లోంచి డబ్బా తీసి, పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, చిటికెడు పొడి కింది పెదవి లోపల పెట్టుకుంది. ముందు మంట. తర్వాత నోరంతా నీళ్ళూరాయి. ఉన్నట్టుండి కుళాయి, గోడ, గోడ మీది పిల్లి అన్నీ ఒక పక్కకు ఒరిగాయి. గుండె దడదడ కొట్టుకుంది. అప్పుడు గుర్తుకొచ్చింది ఆ ఘాటు. ఐరాలలో నాయన చుట్ట.

కక్కుకున్న చప్పుడుకు ఆయిషా బీ లేచి వచ్చింది.

"ఏమైందమ్మా, తిన్నది పడలేదా?" అంటూ వీపు నిమరబోయి, డబ్బా చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "దాన్ని ఎవురు తియ్యమన్నారు?"

"దీంట్లో పొగాకు ఉండాది అత్తమ్మా."

"లవంగం ఎక్కువైతే అట్లనే తిరుగుతాది తల."

"మా నాయన ముప్పై ఏండ్లు సుట్ట తాగినాడు. ఆ వాసన నాకు తెల్దా?"

ఆయిషా బీ గడప మీద కూర్చుంది.

"రోంత. కాల్చి కలిపినా. అష్రఫ్ నెత్తి మీద సెయ్యి పెట్టి పాన్ తిననని ఒట్టేసినా. ఆరేండ్లాయ, ఆకు ముట్టలేదు. పండ్లు తోముకోనని ఎప్పుడన్నా ఒట్టేసినానా?"

హబీబాకు నవ్వు రాబోయింది. పిల్ల గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఇఫ్ఫత్‌కూ ఇదే పెట్టినారా?"

ముసలామె దిగ్గున లేచింది. "నా నోటికాడి పాపం పిల్లకు పెడతానా? నేనేమన్నా మనిషిని కాదా? దానికి సీసాలోదే. నీ ముందరే దంచినా గదా!"

"రెండూ ఒకటేనని కూడా మీరే సెప్పినారు గదత్తమ్మా."

హబీబా నమ్మలేదు. ఆరేళ్ళు కొడుకుకే తెలియకుండా నెట్టుకొచ్చిన మనిషి, కోడలికి నిజం చెబుతుందని ఏం నమ్మకం?

తలుపు చప్పుడైంది. ఇఫ్ఫత్ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చింది. హబీబా నోరు తెరిచేలోగా ఆయిషా బీయే మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"నా బంగారూ, పన్ను నొచ్చినప్పుడు యాడిది తీసుకుంటావు నువ్వు? సీసాలోదే గదా? సెప్పు మీ అమ్మకు."

ఇఫ్ఫత్ తల్లి వైపు చూసింది, దాదీ వైపు చూసింది, కుళాయి దగ్గరున్న స్టీలు డబ్బా వైపు చూసింది.

"సీసాలోదాంతో నొప్పి పోదు దాదీ. నువ్వు నమాజుకు పోయినప్పుడు దాంట్లోది తీసుకుంటా. నువ్వూ అదే గదా పెట్టుకుంటావు, మంచిదని."

ఆయిషా బీ చేతులు పిల్ల భుజాల మీద అలాగే ఉండిపోయాయి. ఆమె పిల్లను వదిలి కుళాయి దగ్గరికి పోయింది. డబ్బా తీసుకుని తూము దగ్గర వంగి బోర్లించింది. కుళాయి తిప్పింది. నల్లటి నీళ్ళు పోయినంతసేపూ చూసింది. డబ్బాను బూడిదతో రెండుసార్లు తోమి ఎండలో పెట్టింది.

ఆ సాయంత్రం అజాన్ వినిపించగానే ఖర్జూరం సగం కొరికి, అలవాటు కొద్దీ లేచి గూట్లో చెయ్యి పెట్టింది. చెయ్యి ఖాళీగా తిరిగొచ్చింది. వంటింట్లోకి పోయి, ఎండిన దానిమ్మ తొక్క ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని వచ్చి కూర్చుంది. గంజి ముట్టలేదు. అష్రఫ్ "ఏమ్మా, బాలేదా?" అంటే "మంటగా ఉండాది" అని ఊరుకుంది.

హబీబా చూపు మాత్రం ఆమె పెదవి మీదే ఉంది. ఇంకో డబ్బా ఎక్కడైనా ఉందా? బియ్యం డ్రమ్ములోనా, పరుపు కిందా? గిన్నెలు కడిగేటప్పుడు ఆయిషా బీ వెనకే వచ్చి నిలబడింది.

"నన్నే సూస్తా ఉండావు మధ్యాన్నం నుంచి. నమ్మకం లేదా? సూడు." నోరు తెరిచింది. ఈసారి పై పెదవి ఎత్తలేదు. రెండు వేళ్ళతో కింది పెదవి కిందికి లాగి పట్టుకుంది. "సూడు, ఏమన్నా ఉండాదా?"

హబీబా చేతులు తుడుచుకుని ఫోన్ టార్చ్ వేసింది. పొడి లేదు. ఒక్క నలుసు కూడా లేదు. కానీ రోజూ పొడి అదిమే చోట చిగురు మీద పాల మీగడ అంటినట్టు తెల్లటి మచ్చ ఉంది. బడిలో అంటించిన పొగాకు హెచ్చరిక బొమ్మలో, క్యాన్సర్‌కు ముందు వచ్చేదని చూపిన మచ్చ ఇలాగే ఉంటుంది. కొనవేలితో మెల్లగా తుడిచింది. పోలేదు.

"ఏముండాది?"

"ఏం లేదు. రేపు పిల్ల పన్ను పెద్దాస్పత్రిలో సూపిచ్చేదానికి పోవాల. మీరూ రాండి అత్తమ్మా, తోడు."

ఆయిషా బీ పెదవి వదిలేసింది. కోడలి మొహంలోకి అటూ ఇటూ వెతికింది.

"తోడుకేనా?"

హబీబా టార్చ్ ఆపేసి, "తోడుకే" అంది.