వెనక సీటు

పెద్దాయనకి కార్ల ఫ్యాక్టరీ ఉంది గానీ కారు నడపడం రాదు. కొత్త మోడల్ తయారైనప్పుడల్లా వెనక సీట్లో కూర్చుని ఊరంతా ఓ చుట్టు తిరిగొచ్చి, "కాళ్లకి ఇంకాస్త చోటుండాలి" అనేవాడు. ఇంజినీర్లు తలూపి ముందు సీటుని ఓ బెత్తెడు ముందుకి జరిపేవారు. అలా జరిపీ జరిపీ, ఇప్పుడు వెనక పడుకోవచ్చు, ముందు కూర్చోలేరు. కొనేవాళ్లేమో సొంతంగా నడుపుకునేవాళ్లు. షోరూములో ఓసారి కూర్చుని, మోకాళ్లు రుద్దుకుంటూ ఎదురు కంపెనీకి పోయేవారు.

ఆమె పెద్దాయన ఫ్యాక్టరీలోనే సీటు తొడుగులు కుట్టేది. చంటిదాన్ని ఫ్యాక్టరీ పిల్లల గదిలో వదిలేది. కార్లు అమ్ముడుపోక ఆడవాళ్ల షిఫ్టు ఎత్తేస్తారని విన్న దగ్గర్నుంచీ ఆమెకి ముద్ద దిగడం లేదు. మొగుడు పెద్దాయన డ్రైవరు.

"మీరైనా చెప్పొచ్చుగా."

"ఆయన నా వీపు తప్ప ఏం చూడలేదే. వీపుతో ఏం చెప్పను?"

"మోకాళ్లు చూపించండి."

"ప్యాంటు మడిచా?"

"మడిచే. పిల్లది పాల మీదుంది, నా పని పోతే ఎలా? అప్పుడు మీ సిగ్గు వండిపెట్టనా?"

మర్నాడు అతను నిజంగానే మడిచాడు. కమిలిన మోకాళ్లు చూసి పెద్దాయన, "ఏదీ, ముందు సీట్లో నేను కూర్చుంటాను" అన్నాడు. ఆమె చంటిదాన్నెత్తుకుని కుట్టు గది కిటికీలోంచి చూస్తోంది. పెద్దాయన లోపలికి దూరాడు గానీ బయటికి రాలేకపోయాడు. ఇద్దరు ఇంజినీర్లు చెరో చెయ్యీ పట్టి లాగారు.

ఆయన కోటు సర్దుకున్నాడు.

"నిజమే. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?"

కిటికీలో ఆమె చంటిదాన్ని ముద్దుపెట్టుకుంది.

"ఈ కారుకి పొట్టి డ్రైవరు కావాలి" అన్నాడు పెద్దాయన.

ఇంజినీర్లు తలూపారు.

ఆ వారం చివర్లో షిఫ్టు ఎత్తేశారు. పెద్దాయన జాలిగుండెవాడు. చంటిపిల్లతో నడిచి ఏం వెళ్తుంది, కార్లో దింపి రమ్మని ఆమె మొగుడికే చెప్పాడు.

ఆమె ఊయల గుడ్డా, పాలసీసా సంచిలో వేసుకుని వెనక కూర్చుంది.

"పొట్టివాడు దొరికాడా?"

"వెతుకుతున్నారు" అన్నాడు మొగుడు, మోకాళ్లు గడ్డానికి ఆనించి.

చంటిది సీటు మీద వెల్లకిలా నిద్రపోయింది. ఆమె కాళ్లు చాపుకుంది. ఇంకా బోలెడు చోటు మిగిలింది.