చేతికి అలవాటైన ఎత్తు

...గెలవాలని మాత్రమే అనుకున్నానా, హజరత్తయ్యన్న ఓడిపోవడం చూడాలనుకున్నానా? రెండూ ఒకటి కావని ఇప్పుడు, పావుల ముందు ఒంటరిగా కూర్చున్నాక తెలుస్తోంది. నెల్లూరు చదరంగం పోటీలో ఆఖరి ఆట అయిపోయింది. నల్లబల్ల మీద '1961 ఫైనల్' అన్న సుద్ద అక్షరాల కింద నా పేరు రాస్తున్నారు.

తెల్లపావులు నావి. మొదటి ఎత్తుకే మంత్రివైపు మూడో బంటును రెండు గళ్లు జరిపాను. నల్లపావులతో హజరత్తయ్యన్న కూడా తన మూడో బంటును అట్లాగే జరిపాడు. నేను గుర్రాన్ని కదిపితే ఆయనా గుర్రాన్నే కదిపాడు. ఏడెత్తుల దాకా అటూ ఇటూ ఒకటే. కొడవలూరులో, తన వడ్ల కళ్లం పక్కన నాకు ఆట నేర్పింది ఈయనే. అప్పుడు ఆయన్ను చూసి అట్లాగే ఆడింది నేను.

మా ఊరి ఆటలో, ఇంకా చెక్ పడని రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. పోటీల్లో అది చెల్లదు. పైగా ముట్టుకున్న పావునే కదపాలి. అన్నకు ఇదంతా తెలుసు. కానీ నలభై ఏళ్ల అలవాటు తలలో ఉండదు, చేతిలో ఉంటుంది. అందుకే చెక్ చెప్పకుండానే ఆయన రాజును మూల వైపుకు నెట్టి, గుర్రం దూకే గడిని ఖాళీగా వదిలాను. ఆయన తన మంత్రిని అడ్డం పెట్టి ఉంటే నా దాడి ఆగిపోయేది. కానీ రాజును పట్టుకుని గుర్రంలా ఆ గడికి దూకించాడు.

అంపైరు గంగాధరం గారు నా వైపు చూశారు.

"రాజునే కదపాలండీ" అన్నాను.

రాజు పోగలిగింది ఇంక మూలగడికే. రెండెత్తుల్లో ముగిసింది.

అన్న కండువా దులుపుకుని లేచాడు. "బాగా ఆడినారు, సంజీవరావు గారూ."

నలుగురిలో ఉన్నా నన్ను 'ఒరే సంజీవా' అనే పిలిచేవాడు. కోపమైతే భరించేవాణ్ణి. అందులో కోపం లేదు. తనను తాను కిందికి దించుకున్నాడు. మతి తప్పుతోందనీ, ఇంక పావు ముట్టననీ గంగాధరం గారికి మెల్లగా చెప్పుకుంటున్నాడు.

ఆ గడి కావాలనే వదిలానని ఆయనకు తెలియదు. చెప్పకపోతే ఆటను వదిలేస్తాడు. చెబితే నన్ను.

ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. లేచి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అన్నా, నీ చెయ్యి అటే పోతాదని తెలిసే ఆ గడి వదిలినాను."