చెట్టు రాల్చిన నంబరు

పొద్దున్నే పుల్లమ్మ చీపురు పట్టుకొని కంప్యూటర్ గది తలుపు తీస్తుంది. వెనకాలే వనజ టీచరు వచ్చి మెయిన్ స్విచ్ వేస్తుంది. ఒక్కో కంప్యూటరు కళ్ళు తెరిచేకొద్దీ కిటికీ బయటి ఇప్పచెట్టు నుంచి ఒక్కో పువ్వు రాలి, గాలికి తేలివచ్చి సరిగ్గా దాని ముందే పడుతుంది. పువ్వు పొట్టమీద సన్నగా ఒక నంబరు ఉంటుంది. అదే నంబరు తెరమీదా కనిపిస్తుంది. ఇక ఆ కంప్యూటరు లోకంతో మాట్లాడొచ్చు. సాయంత్రం ఆపేస్తే పువ్వు వాడిపోతుంది, నంబరు చెట్టుకు చేరుతుంది. రేపు ఇంకెవరిదో.

పినపాక దాటి అడవిలోకి పోతే వచ్చే ఆ ఆడపిల్లల హాస్టల్లో ఇదేం వింత కాదు నాయనలారా. నంబర్లు పంచే రూటర్ డబ్బాను సిగ్నల్ కోసం ఆ చెట్టు పంగలో కట్టారు. ఒక వానాకాలం పిడుగు పడి డబ్బా మాడిపోయింది. మర్నాటి నుంచి ఆ పని చెట్టే చూసుకుంటోంది. కొత్త డబ్బా కావాలని వనజ అర్జీ పెడితే, నడుస్తోంది కదా అని పైనుంచి జవాబు వచ్చింది. కార్తె కాని కార్తెలో పూలు ఊడ్వాల్సి వస్తోందని పుల్లమ్మకు మాత్రం విసుగు.

కొత్త పిల్లలకు వనజ ఇట్లా చెప్పేది. "కంప్యూటర్ లేవంగనే దానికి ఎవ్వలు తెల్వదు. అందుకే అందరికీ ఇనపడేటట్టు అరుస్తది, 'నేనొచ్చిన, నాకో నంబరు ఇస్తరా' అని. 'ఇగో, ఇది తీస్కుంటవా' అంటది చెట్టు. 'తీస్కుంట' అంటది ఇది. 'అయితే పొద్దుగూకేదాక నీదే' అంటది చెట్టు. ఎవ్వని కొడుకువని అడగదు, కాయితం అడగదు."

"మా గూడెంల పువ్వేరుడు గూడ గంతే టీచర్," అంది హాస్టలు పిల్ల సోని. "చెట్టు కింద కొంగు పరిచి అడుగుతం. రాలింది మనది. కొమ్మ మీదున్నది ముట్టం."

ఈ సోని అక్క కాన్పుకని దవాఖానాకు పోతూ వాగు ఒడ్డునే ప్రాణం విడిచింది. అందుకే సోని నర్సింగు చదువుతానని పట్టుబట్టింది. భద్రాచలం రాముడి దయవల్ల సీటు వచ్చింది. ఆఖరి రోజు రానే వచ్చింది. సాయంత్రం అయిదులోగా నెట్‌లో ఒప్పుకుంటున్నట్టు నొక్కాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. అక్కడ సెల్ టవర్ లేదు. వాగు పొంగి పినపాక బస్సూ రాలేదు.

ఆ వాగే చెంచురామయ్య అనే ఆఫీసరును కూడా హాస్టల్లో ఆపేసింది. ముందురోజు తనిఖీకి వచ్చి ఇరుక్కుపోయాడు. పాపం, ఉండనీ. కానీ ఉన్నవాడు ఊరికే ఉన్నాడా? ఆయన రెండు ఫోన్లకు, ట్యాబుకు, గెస్టు గదిలో టీవీకి చెట్టు తలా ఒక పువ్వు ఇచ్చింది. అది చాలలేదు.

"రోజూ చెట్టును అడుక్కోవాల్నా? నేను ఆఫీసర్ను!" అని తెల్లారగానే డ్రైవరు రాజేష్‌ను కొమ్మెక్కించాడు. మొగ్గతో సహా పూలన్నీ కోయించి, నాలుగు నంబర్లు తన వాటికి శాశ్వతంగా ఎక్కించుకున్నాడు. మిగిలినవి స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. "పెద్దసార్లొస్తే పనికొస్తయ్."

"కొమ్మ మీది పువ్వు తెంపొద్దు సారూ, మంచిది గాదు," అంది పుల్లమ్మ.

"నీ చీపురేందో నువ్వు చూస్కో ముసల్దానా."

వనజ స్విచ్ వేసింది. కంప్యూటర్లు అరిచాయి. చెట్టు మోడై నిలబడి ఉంది. ఒక్క పువ్వూ రాలలేదు.

"టీచర్, నంబరొచ్చింది!" అంది సోని తెర చూసి.

వనజ ముఖం వాడిపోయింది. "నూట అరవై తొమ్మిదితోటి మొదలైంది చూడు బిడ్డా. ఎవ్వలు పలకకపోతే తనకు తానే పెట్టుకునే నంబరది. ఈ గదిల ఉన్నయి ఒకదానితోటి ఒకటి మాట్లాడుకుంటయ్ అంతే. గేటు దాటదు."

"మా గూడెం లెక్కనే," అంది సోని. "మాలో మేం మాట్లాడుకుంటం. బయట ఎవ్వలకు ఇనపడదు."

ఎన్నడూ "సరే సార్" తప్ప మాటరాని వనజ గెస్టు గది తలుపు తోసింది. టీవీలో క్రికెట్. "సార్, ఒక్క నంబరు ఇడువుండ్రి. పిల్ల సీటు పోతది."

"ఏమ్మా, మ్యాచ్ నడిమిట్ల ఆపాల్నా? వచ్చే ఏడు మళ్ళ రాయమను."

విన్నారా మాట! నోట్లో ముద్ద లాక్కున్నవాడు రేపు తినమంటాడు!

"గా చెట్టు మీరు నాటలే సార్! నీళ్ళు పొయ్యలే! గుంజుకునుడు ఒక్కటి నేర్చిండ్రు!" అంది వనజ. ఆయన రిమోట్‌తో సౌండు పెంచాడు.

అప్పటికే సోని వానలోకి దిగింది. మోడైన చెట్టు కింద చున్నీ పరిచింది.

"నేను సోనిని. నాకొకటి ఇస్తవా?"

మాడిన డబ్బా ఉన్న పంగలో, బెరడు చీల్చుకొని, ఎవరి చేతికీ దొరకని పువ్వొకటి విచ్చుకొని చున్నీలో రాలింది.

"తీస్కుంట," అంది సోని.

పువ్వు తెచ్చి కంప్యూటరు ముందు పెట్టింది. తెర మీది నంబరు మారింది. గేటు దాటింది, వాగు దాటింది. "సీటు ఖరారు" అని అక్షరాలు వచ్చాయి. పుల్లమ్మ చీపురు వదిలేసి దండం పెట్టింది.

అదే క్షణాన గెస్టు గదిలో టీవీ మసకబారి ఆగిపోయింది. పువ్వు మీద ఉన్నది ఆ టీవీ నంబరే. ఒక్క నంబరు మీద ఇద్దరు నిలబడితే ఇద్దరూ తడబడటం లోకరీతి. ఆరోజు ఒక్కరే తడబడ్డారు.

సోని ఇప్పుడు భద్రాచలంలో నర్సింగు చదువుతోంది. చెంచురామయ్యకు కొత్తగూడెం బదిలీ అయింది. ఆయన ఫోను ఏ ఇంట్లో, ఏ ఆఫీసులో "నేనొచ్చిన" అని అరిచినా ఒక్క రూటరూ పలకదు. తనకు తానే నంబరు పెట్టుకొని, ఆయన టీవీతోనే కబుర్లాడుకుంటుంది.

ఒకసారి వచ్చి చెట్టు కింద కండువా పరిచి అడగమని పుల్లమ్మ కబురు పంపింది.

ఇంకా రాలేదు.